హోమం ఎవరిది? హవిస్సు ఎవరిది?

నర్సీపట్నానికి ఆనుకొని ఉన్న బలిఘట్టం వద్ద వరాహ నది ఉత్తరవాహినియై ప్రవహిస్తుంది. నది ఉత్తరముఖంగా మళ్ళిన చోట శివసాన్నిధ్యం విశేషమని పెద్దల విశ్వాసం. ఆ తీరాన కొండపై బ్రహ్మలింగేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. బలి చక్రవర్తి యజ్ఞం చేసిన స్థలం ఇదేనని, అక్కడ లభించే విభూతివంటి మన్ను నాటి యజ్ఞభస్మమేనని స్థలపురాణం. శ్రీమద్భాగవతం బలి యజ్ఞవాటికను నర్మదా తీరంలోని భృగుకచ్ఛంలో చెప్పింది. భక్తునికి ఈ రెండింటి నడుమ విరోధం తోచదు. సర్వస్వదానం జరిగిన ప్రతి స్థలమూ అతనికి బలి యజ్ఞవాటికయే.

ఈ క్షేత్రానికి ప్రతి సోమవారం వచ్చే విశ్రాంత ఉపాధ్యాయుడొకడున్నాడు. ముప్పై సంవత్సరాలు మన్యంలోని ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు బోధించి, పదవీ విరమణానంతరం నర్సీపట్నంలో స్థిరపడ్డాడు. నదీస్నానం, స్వామి దర్శనం, చిటికెడు విభూతి, సాయంకాలం ఇంటి అరుగుమీద భారత పారాయణం ఆయన నియమం. ఒక కార్తిక సోమవారం నాడు ఆదిపర్వంలో సర్పయాగ ఘట్టం చదువుతుండగా ఒక స్త్రీ వాకిట నిలిచి నమస్కరించింది. వయస్సు నలభైకి దగ్గర. ఒకనాటి శిష్యురాలు.

“అమ్మని పెద్దాసుపత్రిలో చేర్చాం మాస్టారూ. పొద్దుటినుంచి ఒకటే మాట అంటోంది. నాకు తెలియటం లేదు. మీరు ముప్పై ఏళ్ళు మా కొండల్లో ఉన్నారు కదా, మీకైనా తెలుస్తుందేమోనని వచ్చాను.”

ఆమె ఆ మాటను పలికింది. అది కువి భాషలోని మాట. ఆయనకు తెలియలేదు. రెండవసారి పలికించుకొని విన్నా తెలియలేదు. “తెలియదమ్మా” అన్నాడు. ఆమె మరల నమస్కరించి ఆసుపత్రి వైపు వెళ్ళిపోయింది. ఆమె ముఖంలో నిందలేశమైనా లేదు. గ్రంథం ఒడిలో తెరిచే ఉంది గాని, ఆ సాయంకాలం పారాయణం ముందుకు సాగలేదు.

ఆమెను పాఠశాలలో చేర్చుకొన్ననాడు ఇంటి పేరు, పిలుపు పేరు నోరు తిరగక, హిమవంతుని కూతురి పేరును రిజిస్టరులో వ్రాసింది ఆయనే. అది భక్తితో పెట్టిన పేరే. పర్వతపుత్రికకు అంతకుముందే ఒక పేరుందన్న స్పృహ ఆనాడు కలుగలేదు. తరగతిలో ఇంటి మాట దొర్లితే గోడకుర్చీ వేయించే నియమమూ ఆయనదే. పిల్లలు తెలుగు త్వరగా నేర్వాలని, కింద ఊళ్ళలో షావుకారు చేతిలో మోసపోకూడదని ఆయన ఆకాంక్ష. ఆ ఆకాంక్ష నెరవేరింది. ఆమె చక్కని తెలుగు మాట్లాడుతుంది. తల్లి చివరి ప్రశ్న మాత్రం ఆమెకు అందలేదు.

ఆ రాత్రి ఆయన మనస్సును పట్టుకొన్న పదం ‘మారణహోమం’. ఒక జాతిని సమూలంగా సంహరించే ఘోరకృత్యాన్ని తెలుగు పత్రికలు ఈ పేరుతోనే పిలుస్తాయి. ‘నరమేధం’ అనీ అంటాయి. రెండూ యజ్ఞపరిభాష నుండి వచ్చిన పదాలే. పలికేవారు గమనించరు గాని, వీటిలో సాధకుడు విచారించవలసిన సూక్ష్మం ఉంది. హోమానికి సంకల్పం కావాలి, హవిస్సు కావాలి, ‘ఇది నాది కాదు’ అని విడిచే త్యాగం కావాలి. తనది కానిదానిని ‘నాది కాదు’ అని విడవడం త్యాగం కాజాలదు. బలి చక్రవర్తి మూడవ అడుగుకు తన శిరస్సును చూపాడు, మరొకరి శిరస్సును చూపలేదు. మారణహోమంలో సంకల్పముంది, హవిస్సూ ఉంది. ఆ హవిస్సు పరుల ప్రాణం, పరుల భూమి, పరుల సంతానం. అందుచేత అది యజ్ఞరూపం ధరించిన చౌర్యం.

ఆధునిక ధర్మశాస్త్రం ఈ పాపానికి పేరు పెట్టింది ఇటీవలనే. రాఫెల్ లెమ్కిన్ అనే యూదు న్యాయవాది 1944లో గ్రీకు భాషలో జాతి అనే అర్థమున్న పదాన్ని, లాటిన్‌లో వధ అనే అర్థమున్న ప్రత్యయాన్ని సంధించి ‘జెనోసైడ్’ అనే మాటను సృష్టించాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దానిని నేరంగా ప్రకటించే ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం 1959లో దానిని ధ్రువీకరించింది. ఆ నిర్వచనానికి ప్రాణం సంకల్పమే. ఒక జాతిని, వంశాన్ని, లేక మతసమూహాన్ని, ఆ సమూహమైనందుకే, పూర్తిగానో పాక్షికంగానో నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశంతో చేసే ఐదు క్రియలను ఒడంబడిక పేర్కొంది. సమూహంలోని వారిని చంపడం, వారికి తీవ్రమైన దేహబాధను గాని మనోవ్యథను గాని కలిగించడం, బ్రతుకు సాగని స్థితిగతులను బుద్ధిపూర్వకంగా కల్పించడం, జననాలను నిరోధించడం, పిల్లలను బలవంతంగా మరొక సమూహానికి తరలించడం.

ఐదింటిలో మొదటిదానికి మాత్రమే ఖడ్గం కావాలి. తక్కినవాటికి కంచె, కాగితం, ఆసుపత్రి, పాఠశాల చాలు. భాషను, సంస్కృతిని నశింపజేయడం కూడా నేరంగా తొలి ముసాయిదాలో ఉండేది. రాజ్యాలు అంగీకరించక దానిని తొలగించాయి. పిల్లల తరలింపు ఒక్కటే ఆ భావానికి శేషంగా నిలిచింది. పిల్లవాడి దేహం బ్రతికి ఉండగానే అతనిలోని జాతి మరణించగలదని ధర్మశాస్త్రం ఆ ఒక్క వాక్యంలో అంగీకరించింది.

ఈ పాపం యొక్క స్వరూపాన్ని భారతం ఎంతో ముందే గుర్తించింది. ప్రమద్వరను పాము కరిచిందని రురుడు కనిపించిన ప్రతి సర్పాన్నీ కర్రతో కొట్టి చంపుతూ తిరిగాడు. ఒకనాడు డుండుభం మీద కర్ర ఎత్తాడు. విషంలేని ఆ సర్పం అతనిని ప్రశ్నించింది. కరిచినది వేరొకటి, రూపంలో పోలిక ఉన్నంత మాత్రాన నిరపరాధిని ఎందుకు వధిస్తావని దాని భావం. ‘ఆ సమూహమైనందుకే’ అన్న ఒడంబడిక మాటకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానం దొరకదు. రురుని కర్రయే జనమేజయుని చేతిలో అగ్నికుండమైంది. పరీక్షిత్తును కాటువేసినవాడు తక్షకుడొక్కడు. కుండంలో పడినవి లెక్కకందని నాగకులాలు. సంకల్పం శాస్త్రోక్తం, ఋత్విజులు విద్వాంసులు, మంత్రం నిర్దుష్టం. అయినప్పటికీ అది అధర్మమే.

దానిని ఆపినవాడు ఆస్తీకుడు. తండ్రి బ్రాహ్మణుడు, తల్లి వాసుకి చెల్లెలు. హోమం చేసేవారి వేదమూ, దగ్ధమవుతున్నవారి రక్తమూ ఒక్క దేహంలో కలిగినవాడు. రాజు వరం కోరుకొమ్మంటే యాగం ఆగాలన్నాడు. బంగారం, గోవులు ఇస్తానన్నా వద్దన్నాడు. మరొక విశేషం. వైశంపాయనుడు భారతాన్ని వినిపించినది ఆ సత్రంలోనే. అంటే ఈ దేశపు మహేతిహాసం, మధ్యలో ఆపబడిన ఒక జాతినిర్మూలన వేదికపై వినబడిన కథ. పారాయణం చేసేవాడు ఏ అగ్నికుండం పక్కన కూర్చొని దానిని వింటున్నాడో మరువరాదు.

ఆదివాసులకు ఈ ఆపద ఇతరులకంటె తీవ్రంగా ఎందుకు సంభవిస్తుంది? ‘ధర్మం’ అనే పదానికి ధాత్వర్థం ధారణ, నిలబెట్టేది. మైదానవాసి గ్రామం విడిచినా అతని గ్రంథం, దేవాలయం, బంధువర్గం మరొకచోట ఉంటాయి. కొండవాసికి దేవత ఆ కొండయే, ఔషధం ఆ అడవియే, పితరులు ఆ మట్టిలోనే, పురాణం ఆ భాషలోనే. అతని ధారణ అంతా ఒక్క స్థలంలో ముడివడి ఉంది. ఆ స్థలం పోతే మనుషులు మిగలవచ్చు, జాతి మిగలదు.

చరిత్రలో సాక్ష్యాలకు కొదవ లేదు. 1904లో నైరుతి ఆఫ్రికాలో జర్మన్ సైన్యం హెరెరో ప్రజలను ఎడారిలోకి తరిమి నీటిచెలమల వద్ద కాపలా పెట్టింది. కెనడాలో సుమారు 1,50,000 మంది ఆదివాసీ బాలలను వసతి పాఠశాలలకు తరలించి మాతృభాషను నిషేధించారు. అక్కడి సత్యశోధక సంఘం 2015లో దానిని సాంస్కృతిక జాతిహననంగా నిర్ధారించింది. విశాఖ రేవునుండి ఓడలు వెళ్ళే అండమాన్‌లో 1858లో బ్రిటిషువారు ఖైదీల వలస నెలకొల్పిన తరువాత, వేలసంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీయులు తుపాకులకు, అంతకుమించి పరాయి రోగాలకు గురై, శతాబ్దం గడిచేసరికి ఇరవైమంది లోపునకు క్షీణించారు. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు మరణించడంతో ‘బో’ భాషను మాతృభాషగా పలికే కంఠం భూమిపై లేకుండా పోయింది. చివరి సంవత్సరాలలో ఆమెతో ఆ భాషలో సంభాషించగలవారు ఎవరూ లేరు.

ఇక బలిఘట్టం నుండి చూస్తే దూరాన నీలంగా కనిపించే మన్యం. నర్సీపట్నం ఆ కొండలకు ద్వారం. 1882 మద్రాసు అటవీచట్టం పోడు వ్యవసాయాన్ని, అటవీఫల సేకరణను నిర్బంధించింది. తరతరాల ఆహారం ఒక్క శాసనంతో అపరాధమైంది. కొండల్లో రోడ్లు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారిచేత అల్పమైన కూలికి వెట్టి చేయించాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేయడానికి వెనుక ఈ ఆకలీ ఈ అవమానమూ ఉన్నాయి. ఆయన పక్షాన పోరాడిన గాం గంటం దొర, గాం మల్లు దొర ఆ కొండల బిడ్డలే. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

దీనిని జాతిహననం అనవచ్చునా? సత్యవ్రతుడు ఇక్కడ తొందరపడరాదు. దొరతనం కోరినది కలప, రోడ్డు, విధేయత. కొండజాతులు భూమిమీద లేకుండా పోవాలన్న సంకల్పం దానికి ఉన్నదని చెప్పలేము. ప్రతి అన్యాయానికీ మహాపాతకం పేరు పెడితే మహాపాతకం పేరే తేలికైపోతుంది. హెరెరోల ఎడారికీ మన్యపు వెట్టికీ భేదముంది. కాని, భేదముందని చెప్పి ఊరుకోవడం కూడా అసత్యమే. సంకల్పం లేకపోయినా బ్రతుకు ఆధారం తెగింది. అగ్ని తాను ఎవరి ఉద్దేశంతో రగిలిందో విచారించి కాల్చదు.

ఆ విశ్రాంత ఉపాధ్యాయుని మనస్సు ఇక్కడికి వచ్చి ఆగింది. ఒడంబడికలోని ఐదవ క్రియకు తన పాఠశాలకు సామ్యమెంత? ఆయన తన పక్షాన వాదించుకొన్నాడు. పిల్లలను ఎవరూ బలవంతంగా తేలేదు, తల్లిదండ్రులే చేతులుపట్టి తెచ్చారు. సెలవులకు ఇంటికి వెళ్ళేవారు. మూడుపూటలా అన్నముండేది. చదువు వచ్చినందువల్లనే ఆ స్త్రీ తన భూమి కాగితాన్ని తానే చదువుకోగలుగుతోంది. ఈ వాదంలో అబద్ధం లేదు. ఏ న్యాయస్థానమూ ఆయనను దోషి అనదు, అనకూడదు కూడా.

అయితే న్యాయస్థానం విచారించేది సంకల్పాన్ని. సాధకుడు విచారించవలసినది హవిస్సును కూడా. ముప్పై ఏళ్ళు తాను జ్ఞానయజ్ఞం చేశానని ఆయన నమ్మాడు. యజ్ఞమే. కాని కుండంలో వేసినదేమిటి? తన నిద్ర, తన సౌఖ్యం కొంత వేశాడు, నిజమే. తనవి కానివి కూడా వేశాడు. ఒక పసిపిల్ల పేరు, ఆమె నోటిలోని మాట, తల్లికీ బిడ్డకూ నడుమనున్న వారధి. ‘ఇది నాది కాదు’ అని వాటిని విడవడం ఎంత సులభమో ఆయనకు అప్పుడు అర్థమైంది. అవి నిజంగానే ఆయనవి కావు.

మరొక మార్గం ఉండేదన్నది ఆయనను మరింత బాధించింది. గిడుగు రామమూర్తి పంతులు జీవితాన్ని ఆయన ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, పిల్లలకు చెబుతూనే వచ్చాడు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగానే చెప్పాడు. పర్లాకిమిడిలో ఉండి ఆ మహనీయుడు సవర భాషను తాను ముందు నేర్చాడని, సవరలకోసం వారి భాషలోనే వాచకాలు వ్రాశాడని, సవర నిఘంటువు కూర్చాడని ఆయనకు తెలుసు. తెలిసినా అది తనకు వర్తించే విషయంగా తోచలేదు. బోధింపబోయేవాడు ముందు శిష్యుడు కావాలన్న ధర్మాన్ని గిడుగు ఆచరించాడు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కువి, కొండ, సవర, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధన ఆరంభమైనప్పుడు, ఇది వృథాప్రయాస అన్నవారిలో ఈ ఉపాధ్యాయుడు కూడా ఒకడు.

మరునాటి ఉదయం ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు. తల్లి మగతలో ఉంది. కూతురు మంచం పక్కన నేలమీద కూర్చొని ఉంది. ఆయన ఆ వార్డులో ఒక్కొక్క మంచం వద్ద ఆగి, కువి తెలిసినవారెవరైనా ఉన్నారా అని అడిగాడు. చివరి మంచం వద్ద మనుమడికి తోడుగా వచ్చిన ఒక ముసలమ్మ లేచి వచ్చింది. రోగి పెదవుల దగ్గర చెవి పెట్టి విన్నది. విని నవ్వింది.

“విత్తనాల బుర్ర ఎవరు దించారు అని అడుగుతోంది” అన్నది తెలుగులో.

పొయ్యిపైన వేలాడగట్టే ఎండిన ఆనపబుర్ర. పొగ తగిలితే విత్తనానికి పురుగు పట్టదు. ఏటి చోళ్ళ విత్తనం అందులోనే ఉంటుంది. ఆ బుర్ర కూతురికి బాగా తెలుసు, చిన్ననాడు దాని కిందనే నిద్రపోయింది. దాని పేరు మాత్రం తెలియదు. ముసలమ్మ ఆ పేరును ఆమెచేత రెండుసార్లు పలికించింది. కూతురు తల్లి చెవిలో, ఆ పేరు కలిపి, బుర్ర దించలేదని, పైనే ఉందని చెప్పింది. తల్లి కన్ను తెరిచి కూతురివైపు చూసి, మళ్ళీ మూసుకొంది. ఆ తరువాత ఆ ప్రశ్న అడుగలేదు.

ఉపాధ్యాయుడు జేబులోని చిన్న పుస్తకం తీసి, ముసలమ్మను అడిగి, ఆ మాటను తెలుగు లిపిలో వ్రాసుకొన్నాడు. ఆమె విని తలయూపే వరకు మూడుసార్లు దిద్దుకొన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన వ్రాసుకొన్న మొదటి కువి మాట అది. పిమ్మట కూతురితో, “అమ్మా, ఇంట్లో నిన్ను పిలిచే పేరు ఏమిటి?” అని అడిగాడు. ఆమె కొంచెం సిగ్గుపడి చెప్పింది. దానినీ వ్రాసుకొన్నాడు.

వామనుడు బలిని సుతలానికి పంపి ఊరుకోలేదు. తానే వెళ్ళి ఆ వాకిట కావలి నిలిచాడని భాగవతం. అణగద్రొక్కబడినవాని ద్వారం వద్ద భగవంతుడే సేవకుడై నిలిచిన కథను వినే భక్తుడు, ఆ ద్వారాన్ని తొక్కుతూ నడవడం తగదు. పోయిన భాషలను ఎవరూ తిరిగి తేలేరు. కుండంలో పడిన నాగకులాలను ఆస్తీకుడు కూడా తిరిగి తేలేదు. ఇంకా పడనివాటిని ఆపాడు. సాధకునికి సాధ్యమైనది అంతవరకే. అది స్వల్పం కాదు.

తరువాతి సోమవారం బలిఘట్టం రేవులో స్నానం చేసి ఆయన సంకల్పం చెప్పుకొన్నాడు. కాలం చెప్పాడు, దేశం చెప్పాడు, వరాహ నదిని తలచాడు, తన గోత్రనామాలు చెప్పుకొన్నాడు. ఫలం కోరవలసిన చోట కొంతసేపు మౌనంగా ఉండి, ఏమీ కోరకుండానే గట్టు ఎక్కాడు. విభూతి ధరించి, జేబులోని పుస్తకం తడవలేదని చూసుకొని, ఆ వారం మన్యానికి పోయే బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి నర్సీపట్నం వైపు నడిచాడు.

స్వస్తి.